నొప్పిలో నా వాటా

వాడిన చేతి తొడుగుల్ని ఉతికి, తీగ మీద ఆరేసి, మళ్ళీ వాడే ఆసుపత్రి ఎక్కడైనా ఉంటుందా అంటే, ఉంది. ఆరేసింది నేనే. మలావీ అనే దేశంలో, అవతలి గట్టు కనపడనంత పెద్ద సరస్సు పక్కన, చింగోలి అనే ఊళ్ళో ఉంది ఆ ఆసుపత్రి. రబ్బరు తొడుగుల్ని సబ్బునీళ్ళలో జాడించి, ఒక్కోదానిలోకి గాలి ఊది, కన్నం ఉందేమో చెంపకి ఆనించి చూసి, వేళ్ళు కిందికి వేలాడేట్టు తగిలించేదాన్ని. గాలికి అవి ఊగుతుంటే, తీగ వెనకాల బోలెడుమంది నిలబడి రమ్మని పిలుస్తున్నట్టుండేది.

మా మనవరాలు హిమబిందు ఆ ఆసుపత్రికి ఆపరేషన్లు చేసే డాక్టరుగా రెండేళ్ళ ఒప్పందం మీద వెళ్ళింది. నేనెందుకు వెళ్ళానంటే, దానికి వంట రాదు. వచ్చినా తన ఒక్కదాని కోసం వండుకోదు. చీరాలలో మా ఇంట్లో మగ్గం ఆగిపోయి చాలా కాలమైంది. మా ఆయనా పోయారు. నేను చదివింది మూడో తరగతే గానీ, నోరుంటే ఏ దేశంలోనైనా ఉప్పూ పప్పూ తెచ్చుకోలేనా అనుకున్నాను. పాస్‌పోర్టు ఆఫీసులో కుర్రాడు "సంతకం రాదా మామ్మా, వేలిముద్ర వెయ్యి" అన్నాడు. "సంతకం వచ్చు నాయనా, నా పేరు పొడుగు, నీ గడి చిన్నది" అన్నాను.

బిందు నా కూతురి కూతురు. దాని నాలుగో ఏట తల్లి పోయింది, తండ్రి మరో పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాడు. నా కొడుకు ఇంట్లోనే పెరిగింది. మేనమామ మంచివాడే, అత్తా మంచిదే, ఎవరూ ఒక మాట అనలేదు. అయినా ఆ పిల్ల రెండోసారి అన్నం పెట్టమని ఏనాడూ అడగలేదు. పెడితే తినేది, పెట్టకపోతే కంచం అంచు మీద వేలు రాస్తూ కూర్చునేది. చెప్పు కరిచి మడమ పుండైతే, కుంటుకుంటూ బడికి పోయింది తప్ప కొత్త చెప్పులు కావాలని నోరు తెరవలేదు. ఎదుటివాళ్ళ కోసమైతే కొండనైనా ఎత్తుకొస్తుంది. తనకి కావాలని అడగాల్సొస్తే మాత్రం నాలుక పిడచకట్టుకుపోతుంది. పెద్ద డాక్టరయ్యాక కూడా ఆ మొహమాటం పోలేదు.

ఇక ఆ పెట్టె సంగతి. విశాఖపట్నంలో పెద్ద చదువు చదివేటప్పుడు బిందూ, వాళ్ళ ప్రొఫెసరూ కలిసి చేశారు దాన్ని. చూడటానికి రెండు గిన్నెల టిఫిన్ క్యారియరంత ఉంటుంది. ఒకవైపు ఒకటే తీగ, దాని చివర నుదుటికి కట్టే పట్టీ. రెండోవైపు ఎనిమిది తీగలు, మణికట్టుకి కట్టుకునే ఎనిమిది పట్టీలు. ఒకరోజు నేను వాళ్ళ ల్యాబుకి మజ్జిగన్నం తీసుకెళితే, "చెయ్యివ్వు అమ్మమ్మా" అంది. గాజు తొడుగుతుందేమో అనుకుని ఇచ్చాను. పట్టీ కట్టింది. తన నుదుటికి ఇంకోటి కట్టుకుని, మీట నొక్కి, సూది తీసుకుని తన అరచేతిలో పొడుచుకుంది. చురుక్కుమంది నాకు!

"ఓసి నీ దుంపతెగ! పొడుచుకుంది నువ్వు, మండింది నాకేందే?" అని అరిచాను.

"అదే అమ్మమ్మా మా పెట్టె" అని పగలబడి నవ్వింది. దాని అరచేతిలో రక్తపు బొట్టు ఉంది గానీ మొహంలో నొప్పి లేదు.

అర్థమైందిగా? నొప్పి మాయమవదు. పక్కవాళ్ళకి పోతుంది, అంతే. ఇద్దరు పట్టీలు కట్టుకుంటే చెరి సగం, నలుగురైతే తలా పావు. మత్తుమందు దొరకని ఊళ్ళలో కడుపు కోయాల్సొస్తే రోగి హాయిగా పడుకుని కబుర్లు చెప్పొచ్చు. వాటా తీసుకున్నవాళ్ళు ఒక పూట మూలిగి, తెల్లారేసరికి లేచి తిరుగుతారు. ఎంత మంచి పెట్టె!

కానీ ఆ ల్యాబులోనే ఒక మనిషి పోయాడు. నొప్పి పంచుకోవడానికి పేపర్లో ప్రకటన చూసి ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళిద్దరు వచ్చారు. సగంలో ఒకడికి భయమేసి పట్టీ ఊడబెరుక్కుని పారిపోయాడు. వాడి వాటా కూడా మీద పడేసరికి రెండోవాడూ పీకేశాడు. అప్పటిదాకా దాటిపోయిన నొప్పి మొత్తం ఒక్కసారిగా రోగి మీదికి తిరగబడింది. గుండె ఆగిపోయింది. పెట్టెకి అక్కడితో తాళం పడింది. బిందు దాన్ని ట్రంకుపెట్టెలో అడుగున పెట్టి, పైన చీరలు సర్దింది. "పరాయివాళ్ళకి కట్టకూడదు అమ్మమ్మా. రక్తసంబంధం ఉన్నవాళ్ళయితే చచ్చినా ఊడబెరుక్కోరు. ముసలివాళ్ళకీ కట్టకూడదు, గుండె తట్టుకోదు" అంది. ఆ రెండూ దానికి దేవుడు చెప్పిన మాటలైపోయాయి.

ట్రంకుతో పాటు ఆ పెట్టె కూడా చింగోలికి వచ్చింది గానీ, దాన్ని తీసే అవసరం వస్తుందని అది అనుకోలేదు. మంచానికి ఇద్దరు రోగులు, మంచం కింద ఇంకొకరు. బిందు పొద్దున్నే గంజి తాగి వార్డుకి పోయేది. కరెంటు ఉంటే ఆపరేషన్, లేకపోతే తలకి లైటు కట్టుకుని ఆపరేషన్. నీళ్ళు బకెట్లలో మోసుకొచ్చేవాళ్ళు. ఆ జిల్లా మొత్తానికి ఇదొక్కతే సర్జను. దీనికి సాయం లుఫెయో అని యాభై ఏళ్ళ మనిషి. డాక్టరు పట్టా లేదు గానీ, ఆ దేశంలో ఆయన చదివిన చదువుకి చిన్నా పెద్దా ఆపరేషన్లు చెయ్యనిస్తారు. నర్సు పేరు తమందాని. చలాకీ పిల్ల, మా బిందు దగ్గర నాలుగు తెలుగు ముక్కలు కూడా నేర్చుకుంది. నాకూ వాళ్ళ భాషకీ మధ్య వంతెన ఆ పిల్లే.

వర్షాలు మొదలయ్యాక మత్తుమందు గ్యాసు అయిపోయింది. వస్తుందన్న బండి రాలేదు. పుచ్చిపోయిన కాలుతో ఒక చేపలవాడొస్తే, నలుగురు అదిమి పట్టుకుంటే కోశారు. వాడి అరుపు మా వంటింటిదాకా వినపడింది. బిందు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని ముద్ద ముట్టలేదు. లేచి వెళ్ళి ట్రంకుపెట్టె తెరిచింది.

మర్నాడు పెట్టె చూసి లుఫెయో అన్నాడట: "మీ దేశంలో మూలన పడేసిన దాన్ని మాకు తెచ్చావా డాక్టర్?"

"అవును. తప్పే. ముందు నాకు కట్టి చూడు. నీకు నచ్చకపోతే సరస్సులో పారేద్దాం" అందట ఇది.

ఆయన పారేయించలేదు. ఎందుకంటే ఆ దేశంలో రోగి ఒక్కడే ఆసుపత్రికి రాడు. వెనకాల తోడుమనుషులు వస్తారు. తల్లో, పెళ్ళామో, తమ్ముళ్ళో, గిన్నెలూ మొక్కజొన్న పిండీ మూటకట్టుకుని వచ్చి, ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో మకాం పెడతారు. వండేదీ, ఉతికేదీ, ఒళ్ళు తుడిచేదీ వాళ్ళే. పెట్టెకి కావలసింది కూడా వాళ్ళేగా! వరసగా బల్ల మీద కూర్చోబెట్టి పట్టీలు కడితే, లోపల కత్తి పడగానే ఇక్కడ అందరూ ఒకేసారి "ఊఁ" అనేవాళ్ళు. "నీకెక్కువొచ్చిందా నాకెక్కువొచ్చిందా" అని కీచులాడుకునేవాళ్ళు. ఒకసారి పట్టీ కట్టుకున్న అక్క చెయ్యి పట్టుకుని ఓదారుస్తున్న చెల్లెలు తనూ "అమ్మో" అంది. చెయ్యీ చెయ్యీ కలిస్తే నొప్పి అట్లా అవతలికీ పాకుతుందని అప్పుడు తెలిసింది. వాళ్ళు ఆ పెట్టెని 'డెంగు' అనేవాళ్ళు. వాళ్ళ భాషలో బుట్ట అని. మా వైపు ఆ పేరు చెబితే జనం దోమతెరలు కొనుక్కుంటారమ్మా అని తమందానికి చెబితే పడీపడీ నవ్వింది.

ఆ షెడ్డులోనే ఎంబేవే అనే ముసలాయన నాకు పరిచయం. పెళ్ళాం తొడ ఎముక విరిగి, కాలికి బరువు వేలాడదీసుకుని నెలల తరబడి మంచంలో ఉంటే, ఈయన ఆవిడకి వండిపెడుతూ అక్కడే ఉండిపోయాడు. మొదటిరోజే, తొడుగులు ఆరేస్తున్న నా దగ్గరికొచ్చి ఏదో అన్నాడు. తమందాని సిగ్గుపడుతూ చెప్పింది: "మీ ఆయన మిమ్మల్ని తరిమేశాడా అగోగో, ఇంత దూరం వచ్చారు, అంటున్నాడు." అగోగో అంటే అమ్మమ్మ. "కోప్పడొద్దు. మేనత్త మేనమామ బిడ్డల వరసవాళ్ళు ఇలా ఎగతాళి చేసుకోవడం మా దగ్గర మర్యాద. మీరు నచ్చి, అసువేని అని వరస కలిపాడు."

"కోపమెందుకు? మా ఊళ్ళో బావలు ఇంతకంటే దిక్కుమాలినోళ్ళు" అన్నాను. "ఆయనతో చెప్పు. మా ఆయన పోయాడు బావా, ఉండుంటే ఈపాటికి నీలాగా తయారయ్యేవాడు, తొందరగా పోయి మంచి పని చేశాడు అని చెప్పు."

ఎంబేవే పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వాడు. ఆరోజు నుంచీ ఆయన నాకు బావ, నేను ఆయనకి అసువేని. పొయ్యి పక్కపక్కనే పెట్టుకునేవాళ్ళం. నేను కందిపప్పు వండితే గిన్నె పట్టుకుని వచ్చేవాడు. భాష సగం సగం వచ్చినా తిట్టుకోవడానికి పూర్తిగా సరిపోయింది.

ఆ రోజులు బాగానే గడిచాయి. ఒక మధ్యాహ్నం బిందు అన్నానికొచ్చింది. బొగ్గుల పొయ్యి మీద చారు కుతకుతలాడుతోంది. నేను మసిగుడ్డ వెతుక్కుంటున్నాను. ఇది వంగి, గిన్నె అంచులు రెండు చేతులా పట్టుకుని, ఎత్తి, నింపాదిగా బల్ల మీద పెట్టింది. పెట్టి, "పోపు బాగా వేశావు అమ్మమ్మా" అంది.

దాని చేతులు లాక్కుని చూశాను. వేళ్ళ కొసలన్నీ బొబ్బలు, పాతవీ కొత్తవీ.

"కాల్లేదా ఏందే?"

"లేదు."

"అసలు తెలుస్తుందా నీకు? ఇది?" అని గిల్లాను. "ఇది?" గోరు దిగేట్టు గిల్లాను. అది నా మొహంలోకే చూస్తోంది గానీ చేతివైపు చూడలేదు.

"కుడిచెయ్యి మణికట్టుదాకా తెలీదు. ఎడంది కాస్త నయం" అంది చివరికి.

అప్పుడు బయటపడింది. తోడుమనిషి లేకుండా వచ్చేవాళ్ళుంటారుగా? దారిలో లారీ గుద్ది పడేసిపోయినవాడు, దేశంకాని దేశం నుంచి పారిపోయి వచ్చిన ఆడమనిషి, అందరూ చనిపోయి ఒక్కత్తే మిగిలిన ముసలిది. వాళ్ళకి పట్టీ ఎవరు కట్టుకుంటారు? ఇదే. పచ్చ గౌను చేతి కింద పట్టీ కట్టుకుని, తన కత్తి పోటు తనే భరిస్తూ ఆపరేషన్ చేస్తోంది. లుఫెయోకి కూడా చాలా రోజులు తెలియనివ్వలేదట. పదిమంది మోయాల్సిన నొప్పి ఒక్క ఒంట్లోకి మళ్ళీ మళ్ళీ దిగితే నరాలు మొద్దుబారిపోతాయి. అందులోనూ పట్టీ కట్టిన చెయ్యి ముందు.

"నా కత్తి నాకే తగులుద్ది అమ్మమ్మా. అందుకని ఒక్క గీత కూడా ఎక్కువ పెట్టను. నేను చేసిన వాటిల్లో అవే మంచి ఆపరేషన్లు" అంది, నన్ను నవ్వించాలని.

"నవ్వబాకు. రేపు ఈ చెయ్యి పడిపోతే ఈ జిల్లాకి దిక్కెవరే? నీ బతుకేంది? ఈ చేతి కోసమే గదా ఇన్నేళ్ళు చదివావు!"

"వాళ్ళకెవరూ లేరు అమ్మమ్మా."

"నేనున్నాగా. నాకు కట్టు."

"నీకు డెబ్భై దాటినయ్యి."

"అయితే షెడ్డు నిండా మనుషులున్నారు. వాళ్ళనడుగు. తలా కాస్త పట్టుకుంటారు."

అది తల దించుకుంది. కంచం అంచు మీద వేలు రాయడం మొదలెట్టింది. ఆ వేలికి అంచు తగులుతోందో లేదో మరి. "ఎట్టా అడిగేది? వాళ్ళ మనుషుల నొప్పే వాళ్ళకి బోలెడుంది. ముక్కూ మొహం తెలియనోళ్ళ కోసం పట్టుకోండి అని ఏ మొహం పెట్టుకుని అడిగేది? పైగా పరాయోళ్ళు సగంలో ఊడబెరికితే? ఒకణ్ణి చంపింది చాలు."

"పోనీ నేనడుగుతా."

"నా మీద ఒట్టు. అడగబాకు. గ్యాసు బండి వచ్చే వారం వస్తుందంట, ఇక ఈ అవసరమే ఉండదు."

దాని మీద ఒట్టంటే నేనేం చేస్తాను? బండి కోసం రోజూ రోడ్డు వైపు చూశాను. వారం దాటింది. వర్షాలకి వంతెన కొట్టుకుపోయింది. బండి అవతలి గట్టునే ఆగిపోయింది.

ఆ వారంలోనే ఒక మనిషిని తీసుకొచ్చారు, కడుపులో చీము. తోడు లేదు. బిందు పట్టీ కట్టుకుంది. పని అయ్యాక తొడుగు తీస్తే లోపల రక్తం. చూపుడు వేలి కింద కత్తి తగిలి లోతుగా తెగింది, ఎప్పుడు తెగిందో తెలియలేదు. తెలియడానికి ఆ వేలికి ప్రాణం ఉంటేగా. ఆ చీమూ ఈ గాయమూ కలిశాయి. కడిగి కట్టు కట్టుకుని మళ్ళీ వార్డుకి పోయింది. నొప్పి లేదు కనక చిన్నదనుకుంది.

మర్నాటికి జ్వరం. ఆ తర్వాతి రోజుకి చెయ్యి బొంగులా వాచి, మోచేతి వైపు ఎర్రటి గీత పాకింది. ఉన్న మందులన్నీ ఎక్కించారు. వేళ్ళు నల్లబడ్డాయి. ఆ నలుపు నేను చూస్తుండగానే పైకి పోతోంది. లుఫెయో పక్కన కూర్చుని, దాని భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరికీ తెలుసు. చివరికి ఇదే ఎడమచేత్తో పెన్ను అడిగి, కుడి మోచేతికి పైన చర్మం మీద తనే గీత గీసింది. అలవాటు లేని చెయ్యి కదా, గీత వంకరపోతే, తుడిపించి మళ్ళీ గీసింది.

"ఇక్కడ" అంది. "దీనికి కింద వద్దు. మిగల్చాలని చూడకు."

లుఫెయో కళ్ళు తుడుచుకున్నాడు. తమందాని పెట్టె తెచ్చింది.

"పెట్టె వద్దు" అంది బిందు.

"వద్దంటే ఏందే?" అన్నాను నేను.

"ఎవరికి కడతారు అమ్మమ్మా? మామయ్య అక్కడున్నాడు. నువ్వు తట్టుకోలేవు. ఇక్కడ నాకింకెవరున్నారు? అదిమి పట్టుకుని కోసెయ్యమను. అట్టా చేయించుకున్నోళ్ళు ఎంతమంది లేరు."

అది ఆ మాట చాలా మామూలుగా అంది. నాకు మాత్రం ఆ చేపలవాడి అరుపు చెవుల్లో పడింది. ఒట్టూ లేదు గిట్టూ లేదు అనుకున్నాను. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని షెడ్డుకి పరుగెత్తాను.

ఎంబేవే పొయ్యి ముందు కూర్చుని పిండి కలుపుతున్నాడు. నన్ను చూసి అలవాటుగా, "ఏం అసువేనీ, ఉప్పు దొంగతనానికా?" అన్నాడు. అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చాను. తెలుగులోనే చెప్పాను అంతా. చెయ్యి చూపించి, మోచేతి మీద గీత గీసి చూపించి, నుదుటికీ మణికట్టుకీ పట్టీ కట్టినట్టు చూపించి, "ఎవరూ లేరంట బావా, దానికెవరూ లేరంట" అన్నాను. వెనకాలే వచ్చిన తమందాని వాళ్ళ భాషలో చెప్పింది. తోడులేనివాళ్ళ నొప్పంతా ఎవరు మోశారో కూడా చెప్పింది.

ముసలాయన కర్ర గరిటె కింద పెట్టాడు.

"మరి మమ్మల్నెందుకు అడగలేదు?" అన్నాడు. "మేమంతా ఇక్కడ కూర్చుని గంజి కాచుకుంటుంటే, ఆ పిల్ల లోపల ఒక్కతే మోసిందా? మేము ఏమైనా కోళ్ళమా? మేకలమా?"

"మొహమాటం బావా" అన్నాను. ఆ మాట వాళ్ళ భాషలో ఎలా చెప్పాలో తమందానికి తెలియలేదు. "సిగ్గు లాంటిది, కానీ సిగ్గు కాదు" అని ఏదో చెప్పింది.

"చెడ్డ జబ్బు" అన్నాడు ఎంబేవే. లేచి, షెడ్డంతా వినపడేట్టు కేకేశాడు.

పొయ్యి మీద గిన్నెలు పొయ్యి మీదే ఉన్నాయి. ఆడవాళ్ళు పసిపిల్లల్ని వీపున కట్టుకునే వస్తుంటే, తమందాని అడ్డంపడి, "పిల్లలున్నవాళ్ళు వద్దు, కడుపుతో ఉన్నవాళ్ళు వద్దు" అని ఆపాల్సొచ్చింది. ఒకావిడ బిడ్డని నా ఒళ్ళో పడేసి వరసలో నిలబడింది. లుఫెయో గుమ్మంలో చేతులు అడ్డం పెట్టాడు. "డాక్టర్ రూలు తెలుసుగా? రక్తసంబంధం ఉన్నవాళ్ళే. పరాయివాళ్ళు సగంలో పోతే ప్రాణం పోతుంది."

"ఎవరు పరాయి?" అన్నాడు ఎంబేవే. "ఈ ముసలిది నా అసువేని. దాని మనవరాలు నాకు మనవరాలే. ఇదుగో వీళ్ళంతా నా తరఫు చుట్టాలు. ఇంకా అడ్డమొస్తే నీకూ ఏదో ఒక వరస కలిపి తిడతాను. ఒకడు భయపడి పోయాడే అనుకో, ఇంతమందిమి ఉన్నాం, వాడి వాటా మామీద ఎంత పడుతుంది?"

లుఫెయో ఆ వరస వైపు చూశాడు. ఆ లెక్క మా బిందుకి తట్టక కాదు. ఇంతమంది వస్తారని దానికి తట్టలేదు. ఆయన చేతులు దించాడు.

ఎనిమిది పట్టీలు ఎనిమిది మందికి కట్టారు. వాళ్ళ చేతులు పట్టుకుని మరొకరు, వాళ్ళని పట్టుకుని ఇంకొకరు. గది పట్టలేదు. వరస గుమ్మం దాటి, వరండా దాటి, తొడుగులు ఆరేసిన తీగ దాకా పోయింది. నేను బిడ్డని వాళ్ళమ్మమ్మకిచ్చి వచ్చి మొదటి పట్టీ నాకు కట్టమన్నాను. లుఫెయో సందేహించి, వరస వైపు మళ్ళీ చూసి, కట్టాడు. నన్ను బిందు తల దగ్గర కూర్చోబెట్టారు. నా ఎడమచెయ్యి ఎంబేవే పట్టుకున్నాడు.

బిందుకీ చేతికీ మధ్య గుడ్డ అడ్డం కట్టారు. అది జ్వరంతో మండిపోతోంది. కళ్ళు తిప్పి ఆ జనాన్ని చూసింది. గుమ్మంలోంచి కనపడినంత మేరా చూసింది. కణతల పక్కనుంచి నీళ్ళు కారాయి.

"నువ్వు తీసెయ్ అమ్మమ్మా" అంది నాతో.

"నోరుమూసుకో" అన్నాను.

మీట నొక్కారు. నేను పళ్ళు బిగించాను. నిజం చెప్పాలంటే నాకు భయం లేదు, ఆత్రం ఉంది. ఇన్నాళ్ళు ఇది ఒక్కతే మోసింది. దీని తల్లి పోయినప్పుడూ ఒక్కతే మోసింది, చెప్పు కరిచినప్పుడూ ఒక్కతే మోసింది. ఇప్పటికైనా నా చేతికి దొరికింది, రానీ, మొత్తం రానీ అనుకుని, గుండె రాయి చేసుకుని కూర్చున్నాను.

లుఫెయో చెయ్యి కదిలింది. నాకు మోచేతి దగ్గర చీమ కుట్టినట్టయింది.

అంతే. చీమ కుట్టినంత. ఇంకేమైనా వస్తుందేమోనని చూశాను. నా పక్కన బిందు ఎంత నెమ్మదిగా ఉందంటే, గుడ్డ అవతలి మనిషికి తనే పాఠం చెబుతోంది. "రక్తనాళం ముందు ముడెయ్యి... రెండు ముళ్ళు... ఇప్పుడు కండ..." లుఫెయో "సరే డాక్టర్, సరే డాక్టర్" అంటున్నాడు. రంపం చప్పుడు మొదలైంది. నాకు మళ్ళీ చీమే.

నాకు కోపం ముంచుకొచ్చింది. ఎంబేవే వైపు తిరిగాను.

"ఇదేం పంపకం బావా? ఇంతేనా నా వాటా? దాన్ని నాలుగేళ్ళప్పట్నించి పెంచింది నేను. నూనె రాసి నలుగు పెట్టిన చెయ్యి అది. నిన్నగాక మొన్న వచ్చినోళ్ళకీ నాకూ సమానమా? మీ వెనకోళ్ళని వదిలెయ్యమను. సగంమందిని పొమ్మను. నాకు ఇంకాస్త రానీ."

తెలుగులోనే అన్నాను. తమందాని రంపం దగ్గరుంది, చెప్పేవాళ్ళు లేరు. కానీ ముసలాయనకి అర్థమైంది. నేను చెయ్యి విదిలించుకోబోతే గట్టిగా పట్టుకున్నాడు. ఆయన ముఖంలో ఎగతాళి లేదు. వాళ్ళ భాషలో నెమ్మదిగా, చిన్నపిల్లకి చెప్పినట్టు, నాకు తెలిసిన మాటలే ఏరి చెప్పాడు:

"అసువేనీ, ఇది కత్తి నొప్పి. ఇది మాది కూడా. రేపు ఆ పిల్ల లేస్తుంది. చెయ్యి కోసం చూసుకుంటుంది. ఆ నొప్పికి తీగ లేదు. మేమంతా ఇళ్ళకి వెళ్ళిపోతాం. అది నీది. దాని కోసం బలం దాచుకో."

నేను చెయ్యి లాక్కోవడం మానేశాను. రంపం ఆగింది. తమందాని ఏదో బరువైనదాన్ని తెల్లగుడ్డలో చుట్టి, పసిబిడ్డని తీసుకెళ్ళినట్టు రెండు చేతులా బయటికి తీసుకెళ్ళింది. వరసలో జనం దారి ఇచ్చారు. మగవాళ్ళు టోపీలు తీశారు.

కుట్లు వేస్తుండగానే బిందు నిద్రలోకి జారింది. ఆ పగలూ, ఆ రాత్రీ జ్వరంలో ఏదో కలవరిస్తూనే ఉంది. ఎర్రటి గీత పైకి పాకలేదు. లుఫెయో వచ్చి చూసి వెళుతూ, ప్రాణానికి భయం లేదు అన్నట్టు తల ఊపాడు. ఎంబేవే మొక్కజొన్న గంజి గిన్నె గుమ్మం దగ్గర పెట్టి, లోపలికి రాకుండా పోయాడు.

మర్నాడు పొద్దెక్కాక కళ్ళు తెరిచింది. నన్ను చూసింది. జ్వరం దిగిన మొహం కడిగిన పలకలా ఉంది. కుడివైపు దుప్పటి మెడదాకా కప్పి ఉంది. అది అటు చూడలేదు.

"అమ్మమ్మా" అంది. గొంతులో ఏదో ఆశ్చర్యం, చిన్నప్పుడు ఉడతని చూసినప్పటి ఆశ్చర్యం. "వేళ్ళు తెలుస్తున్నయ్యి."

"ఏ వేళ్ళమ్మా?"

"కుడిచేతివి. ఎన్నాళ్ళకి! అయిదూ తెలుస్తున్నయ్యి. చూపుడువేలు కొద్దిగా సలుపుతోంది. స్పర్శ వచ్చేసింది అమ్మమ్మా." కళ్ళు మూసుకుని నవ్వింది. ఆ తర్వాత, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తన కోసం నన్నొకటి అడిగింది. "ఒకసారి పట్టుకోవా?"

నేను కుర్చీ దగ్గరగా జరుపుకున్నాను. దుప్పటి మీద, ఆ చెయ్యి ఉండాల్సిన చోట, పరుపు సాపుగా ఉంది. నా రెండు చేతులూ అక్కడ పెట్టాను. కింద ఒకటి, పైన ఒకటి. మధ్యలో ఒక చెయ్యి పట్టేంత సందు వదిలి, వేళ్ళు ముడిచాను.

"పట్టుకున్నానమ్మా" అన్నాను.

"ఇంకాస్త గట్టిగా" అంది.